వరద వేళ ఆప్తులెవరు?

వర్షాకాలం సమీపించినప్పుడల్లా పాఠకుల నుండి నాకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. "వరద నీరు ఇంట్లోకి వచ్చిన తరువాత రోగాలు రాకుండా ఏ కషాయం త్రాగాలి?" అని. ప్రశ్న మంచిదే. శొంఠి, ధనియాలు, తుంగముస్తలు మన వంటింటిలోనో పచారీ దుకాణంలోనో దొరికే ద్రవ్యాలే. వాటి సంగతీ ఈ వ్యాసంలో చెబుతాను. కాని కషాయం కాచుకోవడానికి పొయ్యి వెలగాలి, గిన్నెలోకి మంచినీరు కావాలి. అన్నిటికంటె ముందు, మునిగిన వీధిలో మన గడప దాకా రాగల మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఎవరో ముందుగా తెలిసి ఉండాలని నాకు పదిహేడవ యేట మా గురువుగారు నేర్పారు. అరవై దాటిన తరువాత నేను ఆ పాఠం మరచిపోయాను. నా మరపు మా అక్కయ్య ప్రాణం మీదికి తెచ్చింది. అందుచేత ఈసారి కషాయాలకంటె మనుషుల గురించే ఎక్కువ వ్రాస్తున్నాను.

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమని ఒక అధ్యాయం ఉంది. మనుషుల ప్రకృతులు వేరు, తినే తిండి వేరు, వయస్సులు వేరు. అయినా ఒక ప్రాంతంలోని జనమంతా ఒకేసారి రోగగ్రస్తులు కావడమెట్లా అన్నది అందులోని చర్చ. గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడివి గనుక, అవి చెడినప్పుడు అందరూ చెడతారని పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునికి సమాధానం చెబుతాడు. చదువుకొనే రోజుల్లో నన్ను ఆకర్షించినది ఆ అధ్యాయపు ఆరంభం. కాంపిల్య నగర సమీపాన గంగాతీరంలో శిష్యులతో కలసి తిరుగుతూ ఆయన మొదట చెప్పేది చికిత్స కాదు. భూమి తన సారం కోల్పోకముందే మూలికలను సేకరించి పెట్టుకొమ్మని హెచ్చరిస్తాడు. ఉపద్రవం వచ్చిపడిన తరువాత తవ్వి తెచ్చిన వేరులో గుణం ఉండదన్నది భావం. మా గురువుగారు ఈ హెచ్చరిక మూలికలకే కాదు, మనుషులకూ వర్తిస్తుందనేవారు. ఆ మాట అర్థమయ్యే సందర్భం త్వరలోనే వచ్చింది.

దివిసీమలో గురువుగారి మొదటి ప్రశ్న

1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నేను చల్లపల్లికి సమీపాన ఒక పల్లెలో గురువుగారి ఇంట ఉండి చదువుకుంటున్నాను. ఆనాటి గాలికి మా పాకల కప్పులు ఎగిరిపోయాయి. గురువుగారు స్వయంగా నాటి పెంచిన ఉసిరి చెట్టు వేళ్ళతో సహా కూలింది. అదే పెద్ద నష్టమని మేము విచారిస్తూ కూర్చున్నాము. దివిసీమలో అయిదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన పల్లెలకు పల్లెలనే తుడిచిపెట్టిందని, పదివేల మందికి పైగా మరణించారని తెలియడానికి రోజులు పట్టింది.

అయిదవ నాడు మేము ముగ్గురు శిష్యులము గురువుగారి వెంట బయలుదేరాము. ఒక ఎడ్లబండి మీద శొంఠి, వాము, తుంగముస్తలు, గుగ్గిలం, రెండు బస్తాల నూకలు వేసుకున్నాము. దారి పొడవునా కూలిన చెట్లే. కొంత దూరం బండి లాగించి, కొంత దూరం మూటలు మేమే మోసి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు ఒక పల్లెకు చేరాము. పల్లె అనడానికి అక్కడ మిగిలినది ఒక బడి గోడ, కొన్ని మట్టి దిబ్బలు మాత్రమే. ప్రాణాలతో మిగిలినవారు ఆ గోడ నీడన కూర్చుని ఉన్నారు.

నేను పెట్టె దించి మూత తీయబోయాను. గురువుగారు నా చేయి పట్టుకొని ఆపి, ఎదురుగా ఉన్న ముసలాయనను అడిగారు. "ఈ ఊరి మంత్రసాని బ్రతికి ఉన్నదా?" ఉన్నది. కొడుకును, ఇద్దరు మనవలను ఉప్పెనకు ఒప్పగించి, ఒక తాడి మొద్దును కౌగిలించుకొని తెల్లవార్లూ ఉండి బ్రతికింది. ఆమె వచ్చి నిలబడి, కన్నీరైనా తుడుచుకోకుండా చెప్పింది. "అయ్యగారూ, ఆ దిబ్బ మీద పాకలో నెలలు నిండిన పిల్లుంది. ముందు అటు రండి. అదుగో ఆ గుంట నీళ్ళు తాగుతున్నారు, అందులో పీనుగులు తేలినయ్యి, వద్దని చెప్పండి. నా మాట వింటల్లేదు."

ఆ తరువాత గురువుగారు అడిగినది చాకలివాని కోసం. ఏ చెరువు నీరు ఉప్పగిల్లినదీ, ఏ దిబ్బ మీది బావి ఉప్పెనకు అందకుండా మిగిలినదీ అతనికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. అట్టి బావి ఒక్కటే ఉన్నది. అవనిగడ్డ శిబిరంలో ఇచ్చిన బ్లీచింగ్ పౌడరు ఆ బావిలో కలిపించి, దాని నీటిని తుంగముస్తలు, శొంఠి వేసి కాగులలో మరిగించి అందరికీ పోశాము. విరేచనాలకు ముస్తా జలం శాస్త్రోక్తమే. అయితే ఆ నీటి గుణంలో సగానికి పైగా మరిగించడంలోనే ఉన్నదని ఈనాటి నా అభిప్రాయం.

ఆ రాత్రి నేను గురువుగారిని అడిగాను, మందుల పెట్టె ముందర పెట్టుకొని మంత్రసాని కోసం వెదకడమెందుకని. "ఓరీ, మన పెట్టెలో మందులున్నాయి. ఊరు లేదు. ఊరు ఆమె దగ్గర ఉంది" అన్నారాయన.

బుడమేరు మా మెట్ల దాకా

ఆ తరువాత నలభై ఏడేళ్ళు గడిచాయి. విజయవాడ సింగ్‌నగర్ లోపలి వీధుల్లో క్రింద వైద్యశాల, మీద నివాసంగా చాలా కాలంగా ఉంటున్నాను. 2024 ఆగస్టు 31న కుంభవృష్టి కురిసింది. ఎగువన బుడమేరు మళ్ళింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం ఉదయానికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీలు నీటి మధ్య ఉన్నాయి. మరునాడు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. ఈ అంకెలన్నీ మాకు తరువాత తెలిసినవి. ఆనాడు మాకు తెలిసిన కొలమానం మా మెట్లు మాత్రమే. మధ్యాహ్నానికి ఏడు మెట్లు మునిగాయి. వైద్యశాలలోని అరిష్టాల సీసాలు గుమ్మం దాటి వీధిలోకి తేలిపోవడం మేడ మీద నుండి చూస్తూ నిలబడ్డాను.

మేడ మీద నేను, నా భార్య, మా అక్కయ్య, క్రింది వాటాలో అద్దెకున్న కుటుంబంవారు నలుగురు, వెరసి ఏడుగురం ఉన్నాము. అక్కయ్యకు డెబ్బయి రెండేళ్ళు. చాలాకాలంగా మధుమేహం, ఆరేళ్ళుగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్. సోమవారం కొత్త సీసా తెప్పించుకొందామని అనుకుంటున్నాము. ఉన్న సీసా ఆదివారం రాత్రితో అయిపోయింది.

108కి, 112కి ఫోను చేశాను. నగరమంతా ఒకేసారి చేస్తుంటే లైను దొరకదు కదా. కరెంటు లేదు గనుక రాత్రికి ఫోనులు చల్లబడ్డాయి. ఆకాశాన హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. డ్రోన్లు ఆహారపు పొట్లాలు మేడల మీద దించుతున్నాయి. ఫ్లైఓవర్ దగ్గర పాలు, నీరు, రొట్టె, మందులు, పడవలు అన్నీ ఉన్నాయని పక్క మేడవారు కేకవేసి చెప్పారు. ఉన్నాయి, నిజమే. ప్రభుత్వమూ దాతలూ తెచ్చిన సహాయమంతా ఫ్లైఓవర్ దాకా వచ్చి నిలిచింది. అక్కడి నుండి మా సందు దాకా దాన్ని తీసుకురావలసినవారు ఎవరో నాకు తెలియదు. అన్నేళ్ళ కాపురంలో మా ప్రాంతపు ఏ.ఎన్.ఎం. పేరైనా నాకు తెలియదు. ఆశా కార్యకర్తను ఎన్నడూ పలకరించి ఎరుగను. వార్డు సచివాలయం ఏ మలుపులో ఉన్నదో చెప్పమంటే తడుముకొనేవాణ్ణి. నలుగురూ నా దగ్గరకు వచ్చేవారే గాని నేను నలుగురి దగ్గరకు వెళ్ళే అవసరం లేదనుకున్నాను. ఇది మధ్యతరగతివారమైన మనలో చాలామందికి ఉన్న జబ్బే.

సోమవారం నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. చెప్పకపోతే ఈ వ్యాసానికి ప్రయోజనం లేదు. నా దగ్గరున్న నేరేడు గింజల చూర్ణం, మెంతులు అక్కయ్యకు ఇచ్చి, ఇవి సరిపోతాయని ఆమెకూ నాకూ ధైర్యం చెప్పుకున్నాను. ఆ సాయంత్రం పక్క సందులో పడవ ఒకటి వెళ్ళింది. పిట్టగోడ దగ్గరకు వెళ్ళి కూడా కేక వేయలేదు. మనకంటె కష్టంలో ఉన్నవారు ఉంటారులే అనుకున్నాను. అందులో దయ కొంత ఉంటే, అభిమానం చాలా ఉన్నది. ఇన్సులిన్ మీద ఆధారపడిన శరీరానికి ఏ చూర్ణమూ దానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ వాక్యాన్ని పాఠకులు రెండుసార్లు చదవగోరుతాను. మంగళవారం ఉదయానికి అక్కయ్యకు దాహం తీరడం లేదు. మధ్యాహ్నానికి పిలిస్తే గాని కళ్ళు తెరవడం లేదు.

మూడు గంటల వేళ సందులోకి ఒక చిన్న పడవ వచ్చింది. నడిపేవారు ఇద్దరు మత్స్యకారులు. ముందు భాగాన చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని కూర్చున్నది మా ఇంట పనిచేసే ఆమె. ఆమె ఇల్లు వాంబే కాలనీలో. అది మా ఇంటికంటె ముందే మునిగింది. పిల్లలను బంధువుల ఇంటికి చేర్చి వచ్చింది.

"డాక్టరుగారూ, పెద్దమ్మగారి సూదిమందు అయిపోయి ఉంటదని నిన్నటి నుంచీ మనసు పీకుతా ఉందండీ. ఆ ఖాళీ పెట్టె ఇటు పడేయండి. పేరు నాకు పలకదు" అన్నది.

పెట్టె తీసుకొని వెళ్ళింది. మా ప్రాంతపు ఏ.ఎన్.ఎం. ఫ్లైఓవర్ దగ్గరి వైద్య శిబిరంలో ఉన్నదని ఆమెకు తెలుసు. తన కూతురి కాన్పు నాటి నుండి పరిచయం. ఆ ఏ.ఎన్.ఎం. మందు చేతికిచ్చి పంపడానికి ఒప్పుకోలేదట. మనిషిని చూడకుండా ఇవ్వనని, చక్కెర చూసే యంత్రం సంచిలో వేసుకొని అదే పడవలో వచ్చింది. చూస్తే 430 ఉన్నది. "ఇక్కడ సూది పొడిచి వదిలేసే స్థితి కాదండీ, ఆసుపత్రికి పదండి" అని, పడవవాళ్ళ చేత అక్కయ్యను కుర్చీతో సహా దింపించింది. ఫ్లైఓవర్ దగ్గర 108 వాహనం ఎక్కించి ప్రభుత్వ ఆసుపత్రికి పంపింది. గండ్లు పూడ్చడం పూర్తయిన 7వ తేదీ వినాయక చవితి. ఆ రోజున అక్కయ్య ఆసుపత్రి మంచం మీద కూర్చుని, పత్రి లేని చవితి ఏమి చవితిరా అని నన్ను దెప్పింది. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు.

నోటు పుస్తకంలో ఎవరెవరు?

ఆ తరువాత నేను ఒక చిన్న నోటు పుస్తకం కొని మా నాలుగు వీధులు నడిచాను. పాఠకులు కూడా వరద రాని రోజున, ఒక ఆదివారం ఉదయం ఈ పని చేయగలరు. ఫోనులో కాక కాగితం మీదనే వ్రాసుకోవాలి. ఫోను చల్లబడినప్పుడు అందులోని అంకెలూ దానితోనే పోతాయి. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో ఉంచితే మంచిది.

మొదటి పుటలో అందరికీ తెలిసిన అంకెలు వ్రాశాను. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104, జిల్లా విపత్తుల కంట్రోల్ రూముకు 1077, రాష్ట్రానిదానికి 1070. మాట కలవనప్పుడు కూడా చిన్న సందేశం ఒక్కొక్కప్పుడు వెళుతుంది. సందేశంలో ఇంటి గుర్తు, ఎందరున్నారు, ఏ మందు కావాలి అన్న మూడూ ఉండాలి. "సహాయం చేయండి" అని మాత్రం వ్రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

రెండవ పుట నుండి మనుషులు. ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, వార్డు సచివాలయంలో మా వీధి చూసే ఉద్యోగి, కరెంటు లైన్‌మన్, మందుల దుకాణం యజమాని. దుకాణం కాదు, ఆయన ఇల్లు ఎక్కడో తెలియాలి. దుకాణం మునుగుతుంది. గ్యాసు బండలు వేసే కుర్రవాడికి ఏ మేడ మీదికి ఏ మెట్లు పోతాయో తెలుసు. పాలు పోసే ఆయనకు ఏ ఇంట పసిపిల్లలున్నారో తెలుసు. చెత్త సేకరించే పారిశుద్ధ్య కార్మికురాలికి ఏ కాలువ ఎటు పారుతుందో, ఎక్కడ మూత లేని గుంట ఉన్నదో తెలుసు. వరదలో నడిచేటప్పుడు ఇంతకంటె విలువైన జ్ఞానం లేదు. దివిసీమలో మంత్రసాని, చాకలి చేసిన పనిని ఈనాడు నగరంలో వీరు చేస్తారు. మన ఇంట పనిచేసేవారి చిరునామా మనలో ఎందరికి తెలుసు? నాకు తెలియదు. ఆమె ఇల్లు మునిగిందని కూడా ఆమె చెప్పిన తరువాతనే తెలిసింది.

చివరి పుటలలో సహాయం అవసరమయ్యేవారిని వ్రాశాను. మా నాలుగు వీధులలో డయాలిసిస్‌కు వెళ్ళేవారు ఇద్దరు, ఇన్సులిన్ తీసుకొనేవారు పదకొండుగురు, ఒంటరి వృద్ధులు ఆరుగురు, మంచం దిగలేనివారు ఒకరు. ఈ సంగతి తెలిసిన తరువాత, ఇన్సులిన్ వారికి వానాకాలంలో ఒక సీసా అదనంగా ఉంచుకొమ్మని చెప్పాను. కరెంటు పోతే సీసాను పొడి డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచవచ్చు. వాడుకలో ఉన్న సీసా సాధారణంగా నాలుగు వారాల వరకు గది వేడిమికి పాడుకాదు. అయినా పెట్టె మీద వ్రాసిన గడువు చూసుకోవాలి.

నీరు తీసిన తరువాత

వరద వెళ్ళిన తరువాత మొదటి పని కడగడం అనుకొంటాము. మొదటి పని ఫొటో తీయడం. గోడ మీద నీటి గీత, తడిసిన సామాను, చెడిన వాహనం తీసి ఉంచుకొంటే నష్టపరిహారానికీ బీమాకూ పనికివస్తాయి. 2024లో ప్రభుత్వం మునిగిన ఇళ్ళలో క్రింది అంతస్తువారికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించింది. సచివాలయాలవారీగా ఇంటింటికీ వచ్చి వివరాలు వ్రాసుకొన్నారు. ఇల్లు తాళం వేసి బంధువుల ఊరికి వెళ్ళినవారు ఆ లెక్కలో తప్పిపోవడం సహజం. మా వీధిలో మూడు కుటుంబాలకు అట్లాగే జరిగింది. తరువాత సచివాలయానికి వెళ్ళి అర్జీ పెట్టుకొని పేర్లు చేర్పించుకున్నారు. వెళ్ళేముందు పొరుగువారికి ఒక మాట, ఆధారు నకలు ఒకటి ఇచ్చి వెళితే ఈ తిప్పట ఉండదు. అగ్నిమాపక వాహనాలు ఇళ్ళలోని బురద కడుగుతున్నాయని కూడా మాకు మొదట చెప్పినది లైన్‌మనే. ఎలక్ట్రీషియన్ చూడకుండా మీట నొక్కవద్దని హెచ్చరించినదీ అతడే.

ఇక పాఠకులు అడిగే ఔషధాల సంగతి. నీరు తెర్లకాగిన తరువాత చల్లార్చి త్రాగాలి. అందులో లీటరుకు అరచెంచా చొప్పున శొంఠి, తుంగముస్తలు వేసి మరిగిస్తే జీర్ణశక్తికి మేలు. విరేచనాలు పట్టుకొంటే ముందు ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. ఆశా కార్యకర్త దగ్గర పొట్లాలు ఉంటాయి. లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలపాలి. ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. పసిపిల్లలు కళ్ళు లోతుకుపోయి, మూత్రం తగ్గి, మగతగా ఉంటే ఇంట కూర్చోరాదు. బురద నీటిలో నాని కాలివేళ్ళ సందులు ఒరిసిపోయినప్పుడు శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడిచి, వేపనూనెలో చిటికెడు పసుపు కలిపి రాయవచ్చు. తడి ఆరని గదిలో ఎండిన వేపాకు, గుగ్గిలంతో ధూపం వేస్తే వాసన పోతుంది. దోమలకు మాత్రం దోమతెరే శరణ్యం. వరద ముంచిన నేలలోని తిప్పతీగను, తులసిని ఆ కాలంలో వాడవద్దు. మురుగు, రసాయనాలు కలిసిన నీరది.

మురుగునీటిలో తిరిగినవారికి తీవ్రజ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెర్రదనం కనిపిస్తే అది ఎలుకల మూత్రం వలన వచ్చే జ్వరం కావచ్చు. రక్తపరీక్షకు వెంటనే వెళ్ళాలి. పాము కాటుకు గాయం కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం వద్దు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు విపరీతమైనప్పుడు సకాలంలో ఆసుపత్రికి చేరినవారిని రక్షించినది విరుగుడు ఇంజెక్షనే. విషతంత్రం గురుముఖతః చదివినవాడినై ఈ మాట వ్రాస్తున్నాను.

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటుతుందన్న హెచ్చరిక విని, ముందురోజు ఆ నోటు పుస్తకం తీసి వరుసగా ఫోను చేశాను. పదునాలుగు అంకెలలో మూడు పనిచేయలేదు. అక్కయ్యను కాపాడిన ఏ.ఎన్.ఎం.కు బదిలీ అయింది. ఆమె స్థానంలో ఎవరు వచ్చారో సచివాలయంలో కనుక్కొని, వానలోనే వెళ్ళి పరిచయం చేసుకొని వచ్చాను. మొదటి గంటకే ఫోను తీసినది మా ఇంట పనిచేసే ఆమె. "పెద్దమ్మగారి మందు రెండు సీసాలున్నయ్యి డాక్టరుగారూ, మొన్ననే నేను చూశాను. మా వీధిలో పిల్లలకి ఆ ఉప్పు పొట్లాలు ఓ పది పంపిస్తారా?" అని అడిగింది. సాయంత్రం వాంబే కాలనీలో ఆమె ఇల్లు వెదుక్కొంటూ వెళ్ళి నేనే ఇచ్చి వచ్చాను.